క్రోమ్ మడ్డిని ఎవరికి అప్పగించాలి? చిన్న ప్లేటింగ్ షాపులు, ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు

నికెల్‌బాత్, బాలానగర్

సభ్యులందరికీ నమస్కారం. బాలానగర్‌లో మాది పదిమంది కూడా లేని ప్లేటింగ్ షాపు. మోటారు సైకిలు విడిభాగాలకు నికెల్, క్రోమ్ పూత వేస్తాం. వెనక షెడ్డులో సయనైడ్ బాత్‌తో (పూత ద్రావణపు తొట్టితో) నడిచే పాత జింక్ లైను ఒకటి ఉంది. షాపు నడపడానికి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన కన్సెంటు అమలులోనే ఉంది కానీ, ప్రమాదకర వ్యర్థాలను ఉంచుకోవడానికి, పంపడానికి కావలసిన ఆథరైజేషన్ మాత్రం నాన్నగారి హయాంలో తీసుకున్నదే. దాని గడువు తీరిపోయింది. ఇప్పుడు మాకు పని ఇచ్చే పెద్ద కంపెనీవారు, శుద్ధి తొట్టిలో అడుగున చేరే మడ్డి ఎక్కడికి వెళ్తోందో కాగితాలతో చూపితేనే వచ్చే ఏడాది ఆర్డర్లు కొనసాగిస్తామని అంటున్నారు.

రోజుకు వచ్చేది కొద్ది కిలోలు. ఇంత తక్కువకు కూడా ఆథరైజేషన్ అవసరమా? పాత సామాను కొనే ఒకాయన, గోనె సంచుల్లో కట్టి ఇస్తే తానే తీసుకెళ్తానని, బిల్లు కూడా ఇస్తానని చెబుతున్నాడు. ఆ బిల్లు చెల్లుతుందా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

విశ్రాంత ఇంజినీరు

ముందుగా రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే ప్రమాదమంతా అక్కడే ఉంది. ఆ బిల్లు చెల్లదు. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2016 ఏప్రిల్‌లో వచ్చిన ప్రమాదకర, ఇతర వ్యర్థాల నిబంధనల ప్రకారం, మీ షాపులో పుట్టిన మడ్డిని మండలి ఆథరైజేషన్ ఉన్న వినియోగదారుకు (ఆ వ్యర్థాన్ని తన పనిలో వాడుకునేవారికి) గానీ, ఆథరైజేషన్ ఉన్న శుద్ధి, పారవేత కేంద్రానికి గానీ మాత్రమే ఇవ్వాలి. పాత సామాను వ్యాపారికి అది లేదు కాబట్టి, అతను ఆ సంచులను ఏ చెరువు గట్టున పడేసినా, 23వ నిబంధన కింద నష్టానికి జవాబు చెప్పవలసినవారిలో మీరూ ఉంటారు. బిల్లు మిమ్మల్ని కాపాడదు సరికదా, మీరు ఇవ్వకూడని వ్యక్తికి ఇచ్చారని చెప్పే సాక్ష్యం అవుతుంది. రాజస్థాన్‌లోని బిచ్ఛ్రి గ్రామంలో రసాయన కర్మాగారాల మడ్డి బావుల నీటిని పాడుచేసిన కేసులో, కాలుష్యం చేసినవారే బాగుచేతకయ్యే ఖర్చు భరించాలని సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది.

ఇక మొదటి ప్రశ్న. ఒకటో షెడ్యూలులో 12వ అంశం లోహాల ఉపరితల శుద్ధికి, పూతకు సంబంధించినది. వాడేసిన ఆమ్లాలు, క్షారాలు, సయనైడ్ లేదా విషలోహాలున్న బాత్‌లు, వాటి మడ్డి అందులోకి వస్తాయి. మురుగు శుద్ధి నుంచి వచ్చే రసాయన మడ్డి 35.3 కింద, రసాయనం అంటిన ఖాళీ డ్రమ్ములు, సంచులు 33.1 కింద, తుడిచిన గుడ్డపీలికలు 33.2 కింద ఉన్నాయి. ఈ షెడ్యూలు ప్రక్రియను బట్టి వర్తిస్తుంది, బరువును బట్టి కాదు. మీరు ఫారం-1లో దరఖాస్తు చేసుకోవాలి. అన్ని వివరాలూ ఉన్న దరఖాస్తు అందిన 120 రోజుల్లోగా మండలి నిర్ణయం తీసుకోవాలి. ఇచ్చే ఆథరైజేషన్ ఐదేళ్ళు చెల్లుతుంది. దరఖాస్తులో రాసే పరిమాణం విషయంలో జాగ్రత్త వహించండి. ఫీజు తగ్గుతుందని, ఎవరూ అడగరని తక్కువ రాసినవారు, తరవాత అసలు బరువు పంపవలసి వచ్చినప్పుడు తమ కాగితంతో తామే చిక్కుల్లో పడతారు.

చిన్నకార్ఖానా, చర్లపల్లి

పెద్దలు చెప్పినదాన్ని కాదనడం లేదు కానీ, నెలకు వంద కిలోల లోపు వ్యర్థాలు వచ్చేవారికి దాదాపు అన్నీ మినహాయింపులేనని నేను అంతర్జాలంలో స్పష్టంగా చదివాను. మాది పౌడర్ కోటింగ్ షాపు. ఫాస్ఫేట్ తొట్టి మడ్డి నెలకు అంత కూడా రాదు. పైగా ఈ నిబంధనలన్నీ పెద్ద ఫ్యాక్టరీలను దృష్టిలో పెట్టుకుని రాసినవే అనిపిస్తుంది. మడ్డికంటే దాన్ని మోసే లారీ కిరాయే ఎక్కువ. ఇది న్యాయమేనా?

ఒహాయో తెలుగు

చిన్నకార్ఖానా గారూ, మీరు చదివింది అమెరికా నిబంధన. నేను ఇక్కడ ప్లేటింగ్ పరిశ్రమలోనే పర్యావరణ విభాగంలో పనిచేస్తున్నాను. ఇక్కడ నెలకు వంద కిలోలు మించనివారిని అతి చిన్న ఉత్పత్తిదారులని, వంద నుంచి వెయ్యి కిలోల లోపువారిని చిన్న ఉత్పత్తిదారులని విభజించారు. ఆ మొదటి తరగతికి సడలింపులు చాలా ఉన్నాయి. నిల్వకు కూడా చిన్నవారికి 180 రోజులు, పెద్దవారికి 90 రోజులు అనే తేడా ఉంది. ఇంగ్లీషులో వెతికితే ముందుగా ఈ పేజీలే కనిపిస్తాయి కాబట్టి, హైదరాబాద్‌లో ఉన్నవారు వాటిని చూసి నిశ్చింతగా ఉండిపోవడం నాకు తరచూ ఎదురవుతోంది. అతి చిన్నవారు కూడా తమ వ్యర్థాన్ని అనుమతి ఉన్న చోటికే పంపాలన్నది ఇక్కడ కూడా ఉన్న షరతే.

విశ్రాంత ఇంజినీరు

సరిగ్గా చెప్పారు. మన దగ్గర ఉన్న మినహాయింపు వేరు. 2019 మార్చిలో వచ్చిన సవరణ ప్రకారం, నీటి చట్టం, గాలి చట్టం కింద కన్సెంటే అవసరం లేని పరిశ్రమలకు ఈ ఆథరైజేషన్ కూడా అవసరం లేదు. అయితే వ్యర్థాలను అధీకృత సేకర్తకో, వినియోగదారుకో, పారవేత కేంద్రానికో ఇచ్చి తీరాలి. ప్లేటింగ్‌కు గానీ, ఫాస్ఫేటింగ్ తొట్టి ఉన్న మీ షాపుకు గానీ అది వర్తించదు.

చిన్నవారికి కాస్త వెసులుబాటు ఇచ్చిన చోటు 8వ నిబంధన. సాధారణంగా వ్యర్థాన్ని 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు; ఏడాదికి పది టన్నుల లోపు ఉత్పత్తి చేసేవారికి మండలి దాన్ని 180 రోజుల వరకు పొడిగించవచ్చు. అయితే ఇది దానంతటదే దక్కే హక్కు కాదు, అడిగి రాయించుకోవలసిన వెసులుబాటు. ఆథరైజేషన్ దరఖాస్తుతో పాటే ఆ కోరిక కూడా రాయండి. లారీ కిరాయి సమస్యకు సగం జవాబు ఇందులోనే ఉంది, ఎందుకంటే ఏడాదికి నాలుగుసార్లు పిలవవలసిన లారీని రెండుసార్లు పిలిస్తే సరిపోతుంది.

ల్యాబ్ కోటు

కాగితాల చర్చ బాగుంది. ఒక రసాయనశాస్త్ర విద్యార్థిగా మొదలుపెట్టి ప్లేటింగ్ షాపుల శుద్ధి తొట్ల దగ్గరే ఉద్యోగ జీవితం గడిపినవాణ్ణి కాబట్టి, మడ్డి పుట్టే చోటి గురించి చెబుతాను. నికెల్‌బాత్ గారూ, మీ జింక్ లైను సయనైడ్‌తో నడుస్తోందన్నారు. మీ షాపులో అన్నిటికంటే ముందు చూడవలసింది మడ్డి సంచులను కాదు, నేలమీది కాలువలను. ఆమ్లంతో తుప్పు వదిలించే తొట్టి కడుగునీరు, సయనైడ్ కడుగునీరు ఒకే కాలువలో కలిస్తే హైడ్రోజన్ సయనైడ్ వాయువు పుడుతుంది. దాని సంగతి ఎవరికీ వివరించనవసరం లేదు. కాలువలు వేరు, తొట్లు వేరు, వీలైతే గట్లు కూడా వేరుగా ఉండాలి. సయనైడ్ నీటిని పీహెచ్ (ఆమ్ల, క్షార గుణపు కొలత) పదికి పైన ఉంచి హైపోక్లోరైట్‌తో విరగ్గొట్టాలి; పీహెచ్ తగ్గితే మరో విషవాయువు వస్తుంది. నా అభిప్రాయం అడిగితే, ఆ లైనును సయనైడ్ లేని క్షార జింక్ బాత్‌కు మార్చడమే మేలు. సర్దుబాటుకు కొంత కాలం పడుతుంది, మెరుపు విషయంలో మొదట్లో ఫిర్యాదులు వస్తాయి, అయినా మంచిదే.

క్రోమ్ నీటికి పద్ధతి వేరు. ఆరో సంయోజకతలో ఉన్న క్రోమియం సున్నంతో అడుక్కు దిగదు. ముందు ఆమ్లం వేసి పీహెచ్‌ను రెండు, మూడు మధ్యకు తెచ్చి సోడియం మెటాబైసల్ఫైట్ కలపాలి. పసుపు, నారింజ రంగులో ఉన్న నీరు ఆకుపచ్చకు తిరుగుతుంది. ఆ తరవాతే సున్నమో కాస్టిక్కో వేసి పీహెచ్‌ను ఎనిమిది, తొమ్మిది మధ్యకు తెస్తే క్రోమియం హైడ్రాక్సైడ్ అడుగుకు దిగుతుంది. మొదటి మెట్టు వదిలేసి నేరుగా సున్నం వేసే షాపులను పోల్చుకోవడం తేలిక: మడ్డి సంచులు ఆనించిన గోడ మీద తొలి వానకు పసుపుపచ్చని చారలు దిగుతాయి. మెటాబైసల్ఫైట్ వేసేటప్పుడు ఘాటైన వాయువు వస్తుంది కాబట్టి, ఆ పని మూసిన గదిలో చేయించకండి. సున్నం చవక, మడ్డి చక్కగా కూర్చుంటుంది, కానీ బరువు పెరుగుతుంది. కాస్టిక్‌తో మడ్డి తక్కువ, వడకట్టడం కష్టం. పారవేతకు బరువు లెక్కన డబ్బు కట్టేవారు ఈ రెండింటి ధరలను కలిపి చూసుకోవాలి. మడ్డిని పిండే ఫిల్టర్ ప్రెస్ నుంచి వచ్చిన బిళ్ళలో కూడా సగానికి పైగా నీరే ఉంటుంది. దాన్ని పైకప్పు ఉన్న ఆరబెట్టే మడిలో కొన్నాళ్ళు ఉంచితే, నీటికి కట్టే కిరాయి తగ్గుతుంది.

ఇక ఖర్చు లేని పని ఒకటుంది. వస్తువులను తగిలించే జిగ్గును తొట్టిలోంచి ఎత్తగానే కడుగునీటిలో ముంచకుండా, తొట్టి మీదనే కొన్ని క్షణాలు ఆపి, ఒక పక్కకు వంచి కారనివ్వాలి. తొట్టికీ కడుగు తొట్టికీ మధ్య వాలుగా ఒక ప్లాస్టిక్ పలక పెట్టి, కారే చుక్కలు బాత్‌లోకే జారేలా చేయాలి. నికెల్ బాత్ యాభై, అరవై డిగ్రీల మధ్య నడుస్తుంది కాబట్టి, ఆవిరైన మేరకు మొదటి కడుగునీటినే తిరిగి పోయవచ్చు. మీరు కొన్న నికెలే మీ తొట్టిలోకి తిరిగి వస్తుంది. పీస్ లెక్కన కూలి ఇచ్చే షాపుల్లో పనివాళ్ళు జిగ్గును ఆపరు. అది వాళ్ళ తప్పు కాదు, కూలి లెక్కది.

ఆటోనగర్ గ్యారేజీ, విజయవాడ

చర్చ ప్లేటింగ్ గురించి అయినా, నా సందేహం కూడా దీనికి దగ్గరదే కాబట్టి అడుగుతున్నాను. మా సర్వీసు షెడ్డులో లారీల ఇంజన్లనుంచి దింపిన వేస్టాయిల్ డ్రమ్ములకొద్దీ వస్తుంది. కొనేవాళ్ళు గుమ్మంలోకి వస్తారు. ఒకరు సెంట్రింగ్ పలకలకు పూయడానికని, ఒకరు ఇటుక బట్టీకని, ఒకరు చెక్కకు చెదలు పట్టకుండా రాయడానికని అడుగుతారు. డబ్బిచ్చి తీసుకెళ్ళేదాన్ని వ్యర్థమని ఎలా అంటారు?

విశ్రాంత ఇంజినీరు

కొనేవాడు ఉన్నంత మాత్రాన అది వ్యర్థం కాకుండా పోదు. వాడేసిన ఆయిల్ ఒకటో షెడ్యూలులో 5.1గా ఉంది. 2016లో కేంద్ర మండలి ఇచ్చిన వర్గీకరణలో వాహనాల సర్వీసింగు, మరమ్మతు, పెయింటింగు షెడ్లు కాలుష్య తీవ్రతను బట్టి నారింజ కేటగిరీలో ఉన్నాయి, అంటే కన్సెంటు కావాలి, కాబట్టి ఆథరైజేషన్ కూడా కావాలి. అమ్మండి, కానీ తిరిగి శుద్ధి చేయడానికి ఆథరైజేషన్ ఉన్న రీరిఫైనింగ్ యూనిట్‌కు అమ్మండి. ఇంజన్‌లో అరిగిన లోహాలు, అరకొరగా కాలిన ఇంధనపు అవశేషాలు ఆ ఆయిల్‌లో ఉంటాయి; ఇటుక బట్టీలో మండితే అవి పొగలోకి, సెంట్రింగ్ పలకకు పూస్తే కూలీల చేతులకు చేరుతాయి.

2024 ఏప్రిల్ నుంచి ఆయిల్ తయారీదారులపై వాడేసిన ఆయిల్ రీసైక్లింగ్ బాధ్యత కూడా వచ్చింది కాబట్టి, లెక్కల్లోకి వచ్చే ఆయిల్‌కు గిరాకీ పెరిగే అవకాశం ఉంది. మీరు చేయవలసిన ముఖ్యమైన పని, ఆ డ్రమ్ములో కూలెంటు, థిన్నరు, పెట్రోలు కలవకుండా చూడటం. కలిసినదాన్ని రీరిఫైనరు తీసుకోడు. పాత బ్యాటరీలు దీనిలోకి రావు. వాటికి 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వేరుగా ఉన్నాయి.

ఇంకొకటి. మీరు విజయవాడనుంచి హైదరాబాద్ వైపున్న యూనిట్‌కు పంపితే, 2014 జూన్ వరకు అది ఒకే రాష్ట్రంలోని ప్రయాణం. ఇప్పుడు రాష్ట్రం దాటుతుంది. రీసైక్లింగుకు పంపేటప్పుడు రెండు మండళ్ళకూ ముందుగా తెలియజేయాలి. అదే తుది పారవేతకైతే తెలియజేస్తే చాలదు, రెండు మండళ్ళ నిరభ్యంతర పత్రాలూ కావాలి. గుంటూరులోనో, విజయవాడలోనో ఉన్నవారు పాత అలవాటు కొద్దీ దీన్ని మరిచిపోతుంటారు.

పద్దుల పని

చిన్న పరిశ్రమలకు రికార్డులు రాసిపెట్టడమే నా వృత్తి. తనిఖీ అధికారి వ్యర్థాల లెక్క రాసే మీ ఫారం-3 రిజిస్టరును మాత్రమే చూస్తాడనుకోవద్దు; రసాయనాల కొనుగోలు బిల్లులు కూడా అడుగుతాడు. కిలో క్రోమిక్ యాసిడ్‌లోని క్రోమియం అంతా మడ్డిలోకి దిగితే, పొడి లెక్కన సుమారు కిలో క్రోమియం హైడ్రాక్సైడ్ వస్తుంది. దాన్ని పూర్తిగా మార్చడానికి సిద్ధాంతం ప్రకారం దాదాపు కిలోన్నర మెటాబైసల్ఫైట్ కావాలి. ఏడాది పొడవునా క్రోమిక్ యాసిడ్ బిల్లులుండి, మెటాబైసల్ఫైట్ బిల్లు ఒక్కటీ లేకపోతే, మడ్డి కాలమ్‌లో సున్నలుంటే, ఆ షాపులో ఏం జరుగుతోందో చెప్పడానికి ప్రయోగశాల అక్కరలేదు. కొంత క్రోమ్ వస్తువు మీదికి వెళ్తుంది, లెక్క అచ్చంగా సరిపోదు. కానీ తేడాకు కారణం చెప్పగలిగేలా ఉండాలి. కాబట్టి మడ్డిని సంచికెత్తిన రోజునే తూచి రిజిస్టరులో రాయండి. సంవత్సరాంతంలో ఒకే కలంతో, ఒకే సిరాతో నింపిన రిజిస్టరును ఎవరైనా గుర్తుపడతారు. ఫారం-4 వార్షిక నివేదిక జూన్ 30 లోగా ఇవ్వాలి. వ్యర్థమేమీ పంపని ఏడాది కూడా ఇవ్వాలి.

జరిమానాల సంగతి కూడా తెలిసి ఉండాలి. 2023 నాటి జన విశ్వాస్ చట్టం పర్యావరణ పరిరక్షణ చట్టంలో జైలు శిక్ష ఉన్న చోట ఆర్థిక జరిమానా పెట్టింది. 2024 ఏప్రిల్ 1 నుంచి అది 10,000 రూపాయల నుంచి 15 లక్షల వరకు ఉండవచ్చు. జైలు పోయిందని సంతోషించేవారు, విచారణాధికారి జరిమానా వేయడం కోర్టులో నేరం రుజువు చేయడంకంటే చాలా తేలికని గ్రహించాలి.

చిన్నకార్ఖానా, చర్లపల్లి

మినహాయింపు విషయంలో సందేహం తీరింది. కానీ కిరాయి విషయంలో నా అభ్యంతరం అలాగే ఉంది. నాలుగు సంచులకోసం దుండిగల్ పారవేత కేంద్రానికి లారీ ఎవరు పంపుతారు? పక్క షాపులవాళ్ళం కలిసి ఒకరి ఆవరణలో పోగుచేసి, ఒకేసారి పంపుకోవచ్చా? అలాగే ఖాళీ రసాయన డ్రమ్ముల విషయం ఎవరైనా చెప్పండి. నీలం డ్రమ్ములు మంచి ధరకు పోతాయి.

పరవాడ దారి, విశాఖపట్నం

ప్రమాదకర వ్యర్థాల రవాణాలో ఉన్నాను, పరవాడ పారవేత కేంద్రానికి ఎక్కువగా వెళ్తుంటాం. ఒకరి ఆవరణలో పోగుచేయడం కుదరదు, ఎందుకంటే ఆ షాపు యజమాని తన ఆథరైజేషన్‌లో లేని ఇతరుల వ్యర్థాన్ని నిల్వ చేసినవాడవుతాడు. కుదిరేది మరొకటి: ఒకే అధీకృత వాహనం ఒకే రోజున నాలుగైదు షాపుల దగ్గర ఆగి ఎక్కించుకోవడం. ప్రతి షాపుకూ మానిఫెస్ట్ (వ్యర్థంతో పాటు వెళ్ళే రవాణా పత్రం) వేరుగా ఉండాలి, సంచుల మీద లేబుళ్ళు వేరుగా ఉండాలి, ఒకదానితో ఒకటి పొసగని వ్యర్థాలను పక్కపక్కన పెట్టకూడదు. పారిశ్రామికవాడ సంఘం చొరవ తీసుకుని పారవేత కేంద్రంతో మాట్లాడితే ఇది అసాధ్యమేమీ కాదు. కేంద్రం ముందుగా మీ మడ్డి నమూనాను పూర్తిగా విశ్లేషించి, ఏ పద్ధతిలో శుద్ధి చేయాలో తేల్చి ధర చెబుతుంది. ఆ తరవాత వచ్చిన ప్రతి లోడునూ ఆ విశ్లేషణతో పోల్చి చూస్తుంది. సంచిలో గుడ్డపీలికలు, చేతితొడుగులు కలిపేస్తే గేటు దగ్గరే వెనక్కి పంపుతారు, రానుపోను కిరాయి మీదే.

మానిఫెస్ట్ ఫారం-10 ఏడు ప్రతుల్లో ఉంటుంది. తెల్లది మీరు మండలికి పంపాలి, పసుపుది డ్రైవరు సంతకంతో మీ దగ్గర ఉంచుకోవాలి, మిగతా ఐదూ లారీలో వెళ్తాయి. గులాబీది కేంద్రం దగ్గర ఉంటుంది, నారింజది రవాణాదారుకు, ఆకుపచ్చది కేంద్రం నుంచి మండలికి వెళ్తాయి. నీలం ప్రతి కేంద్రం సంతకంతో మీకు తిరిగి రావాలి. వ్యర్థం వేరే రాష్ట్రం నుంచి వచ్చినదైతే, బూడిదరంగు ప్రతి పంపినవారి రాష్ట్ర మండలికి చేరుతుంది. చాలామంది పసుపు ప్రతిని ఫైలులో పెట్టుకుని పని అయిపోయిందనుకుంటారు. పసుపు ప్రతి లారీ మీ గేటు దాటిందని మాత్రమే చెబుతుంది. సరుకు చేరిందని చెప్పేది నీలం ప్రతి ఒక్కటే. అది రాకపోతే ఫోనుతో సరిపెట్టకుండా, రాతపూర్వకంగా అడగండి. రవాణా బాధ్యత పంపేవారిదా, అందుకునేవారిదా అన్నది కూడా మానిఫెస్ట్‌లో స్పష్టంగా రాయాలి. లారీని ఎవరు కుదిర్చారో వారిదే ఆ బాధ్యత.

డ్రమ్ముల విషయంలో నేను కాస్త గట్టిగానే చెబుతాను. క్రోమిక్ యాసిడో, సయనైడో ఉన్న డ్రమ్మును సంతలో అమ్మితే, దాన్ని కొనుక్కున్న ఇల్లు అందులో తాగునీళ్ళు పట్టుకుంటుంది. వేసవిలో ట్యాంకరు వచ్చే బస్తీల్లో గుమ్మాల ముందు వరుసగా నిలబెట్టిన నీలం డ్రమ్ములను మీరూ చూసే ఉంటారు. సరఫరాదారే తిరిగి తీసుకుని మళ్ళీ అదే రసాయనం నింపే ఏర్పాటు చేసుకోండి. లేదా డ్రమ్ముల శుద్ధికి ఆథరైజేషన్ ఉన్నవారికి మానిఫెస్ట్‌తో ఇవ్వండి.

నికెల్‌బాత్, బాలానగర్

అందరికీ కృతజ్ఞతలు. పాత సామాను ఆయనకు రావద్దని చెప్పేశాను. కాలువలు వేరుచేసే పని మేస్త్రీకి అప్పగించాను. ఒక్క సందేహం మిగిలింది. షెడ్డు వెనక నాన్నగారి కాలంనుంచి పేరుకున్న మడ్డి సంచులున్నాయి, వాటికి 180 రోజులు ఎప్పుడో దాటాయి. దరఖాస్తులో వాటి ప్రస్తావన తేవాలా, లేక కొత్త ఆథరైజేషన్ వచ్చాక కొత్త మడ్డితో పాటు కొద్దికొద్దిగా పంపేయాలా?

విశ్రాంత ఇంజినీరు

ప్రస్తావన తేవాలి. కొద్దికొద్దిగా కలిపి పంపితే, పద్దుల పని గారు చెప్పిన లెక్క ఎదురుతిరుగుతుంది: కొన్న రసాయనానికి మించిన మడ్డి రిజిస్టరులో కనిపిస్తుంది, దానికి మీ దగ్గర జవాబు ఉండదు. సంచులను తూచి, ఫొటోలు తీసి, పాత నిల్వ ఇంత, ఏటా కొత్తగా వచ్చేది ఇంత అని విడిగా చూపుతూ, పారవేత కేంద్రంతో కుదిరిన ఒప్పందం ప్రతిని జతచేసి, పాత నిల్వను ఒకే విడతలో పంపడానికి గడువు కోరుతూ ప్రాంతీయ కార్యాలయానికి లేఖ ఇవ్వండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మండలి ప్రశ్నలు అడగవచ్చు, పరిహారం కూడా కట్టమనవచ్చు. అయినా ముందుగా చెప్పినవారి పట్ల, తనిఖీలో దొరికినవారి పట్ల ఒకే తీరుగా వ్యవహరించడం నా సర్వీసులో నేను చూడలేదు.

ఈలోగా ఆ సంచులను వానకు తడవని చోటికి మార్చండి. కింద ఇంకని సిమెంటు నేల, చుట్టూ జానెడు గట్టు ఉండాలి. చిరిగిన గోనె సంచులను మందపాటి ప్లాస్టిక్ సంచుల్లోకి ఎత్తించండి. ఎత్తేవారికి చేతితొడుగులు, బూట్లు, ముఖానికి మాస్కు తప్పనిసరి. ప్రతి సంచికీ ఫారం-8 లేబులు అతికించండి. మెరిసే పసుపు రంగు మీద ‘ప్రమాదకర వ్యర్థం’, ‘జాగ్రత్తగా పట్టుకోండి’ అన్న మాటలు ఎర్రని అక్షరాలతో తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింటిలోనూ ఉండాలి, తడిసినా చెరగకూడదు. గేటు బయట బోర్డు పెట్టడం కూడా మరవకండి. వాడే రసాయనాలు, వచ్చే వ్యర్థాల వివరాలు బయటికి కనిపించేలా రాయాలని సుప్రీంకోర్టు 2003లో ఆదేశించింది. తనిఖీకి వెళ్ళినప్పుడు నేను ముందు చూసేది ఆ బోర్డునే, తరవాత దాని మీది తేదీని.